ఉక్కుడేగ వణుకు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే. అయినా రోజూ పొద్దున్నే లోకమంతా వచ్చి మా హాల్లో కూర్చున్నట్టుండేది. అందరూ అమ్మ ఫోన్లోంచి వచ్చేవాళ్ళు. ఒకడు పొగిడేవాడు, ఒకడు తిట్టేవాడు, ఇంకొకడు ఆ రెండు పనులూ ఒకే వాక్యంలో కానిచ్చేవాడు. అమ్మ బీన్స్ ఈనెలు తీస్తూ, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, అందరినీ వరసపెట్టి పైకి చదివేది.

“ఈయనెవరో చూడు, ‘సిరీస్ అంతా నిద్రొచ్చింది, ఆ మేడ మీద సీను మాత్రం గుండె పట్టేసింది’ అన్నాడు. పెద్దమనిషి. కళ్ళున్నవాడు.”

“తరవాతది?” అనేవాడు తమ్ముడు, గోడవైపు తిరిగి పడుకునే, తనకేం పట్టనట్టు.

“‘సూపర్‌హీరోకి చలిజ్వరమేమిట్రా, ఎవరైనా దుప్పటి కప్పండి’ అట. వీడి నోరు పడిపోను! వీణ్ణి ఎక్కించాలి ఆ మేడ.”

“అమ్మా, చదివితే చదువు, లేకపోతే ఆ బీన్స్ సంగతి చూడు. నాకు టైమవుతోంది” అని నేను అరిచేదాన్ని. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఎండాకాలం మరీ పాడైంది.

ఉక్కుడేగ అని ఒక సూపర్‌హీరో. వాడి మీద కొత్తగా వచ్చిన సిరీస్ అది. మాస్కు తీసినప్పుడు కనిపించే ముఖం ఒక పెద్ద నటుడిది. మాస్కు వేసుకున్నాక నడిచేది, దూకేది, తన్నేది, తన్నులు తినేది మా తమ్ముడు. సెట్లో ఆ నటుణ్ణి ‘ఫేస్’ అనీ మావాణ్ణి ‘బాడీ’ అనీ పిలిచేవాళ్ళు. బాడీ వచ్చిందా, బాడీకి టీ ఇచ్చారా, బాడీని కాస్త పక్కకి జరగమనండి. ఈ సంగతి అమ్మకి చెప్పి పొరపాటు చేశాను. బతికున్నవాణ్ణి పట్టుకుని ఆ మాటేమిటని రెండు పూటలు అన్నం ముట్టలేదు.

ఆ సూట్ కుట్టింది నేనే. బట్టల విభాగంలో దర్జీని. వీపు మీద జిప్పు పెడితే కెమెరాకి గీతలా దొరికిపోతుందన్నారు. అందుకని రోజూ పొద్దున వాణ్ణి సూట్‌లోకి దించి, మెడ దగ్గర్నుంచి నడుము దాకా వీపంతా చేత్తో కుట్టేసేదాన్ని. పని అయ్యాక దారం కోసి బయటికి తీసేదాన్ని. మధ్యలో వాడంతట వాడు బయటికి రావడమనేది లేదు. దాహమేస్తే గొట్టం. దురదేస్తే ఓర్చుకోవడం. మిగతావాటికీ ఓర్చుకోవడమే.

సిరీస్ విడుదలయ్యాక సూట్ విప్పినా వాడికి విడుదల లేకపోయింది. లోపలున్నది తనేనని ఎవరికీ చెప్పకూడదని ఒప్పందంలో రాసుంది. రెండో సీజన్ ఉందో లేదో తేలేదాకా ఇంకో పని ఒప్పుకోకూడదు. సూట్ పట్టాలి కాబట్టి లావెక్కకూడదు, చిక్కకూడదు. రోడ్డు మీద కాలు బెణికించుకునే హక్కు కూడా లేదు. పనీపాటా లేకుండా ఇంట్లో కూర్చుని, తన గురించే లోకం కొట్టుకుంటుంటే గోడవైపు తిరిగి వినడం తప్ప వాడికి మరో దారి లేదు.

సిరీస్ వచ్చిన రోజు ముగ్గురం తలుపేసుకుని, పరదాలు కూడా లాగేసి చూశాం. మేడ మీద సీను వచ్చింది. ఉక్కుడేగ ఆకాశమంత ఎత్తు భవనం అంచున నిలబడి కింద ఊరిని చూస్తుంటాడు. స్క్రిప్టులో ఉన్నది కూడా ఒకటే ముక్క: నిలబడతాడు. కానీ చూస్తుండగానే వాడి ఛాతీ ఎగిరెగిరి పడటం మొదలవుతుంది. తర్వాత భుజాలు, తర్వాత చేతులు. ఒళ్ళంతా వణుకుతూ ఒక మోకాలి మీదికి జారిపోతాడు. కెమెరా దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళుతుంది.

“అబ్బ! ఎంత బాగా చేశావురా నాన్నా!” అంది అమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. ఆ సీను తీసిన రోజు మాస్కు గాలి కన్నాలు చెమటకి మూసుకుపోయాయి. “ఆపండి, వాడికి ఊపిరాడట్లేదు” అని నేను కింద నుంచి గొంతు చించుకుంటుంటే, షాటు బాగా వస్తోందని డైరెక్టరు చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. నేనెవరి మాటా వినకుండా మెట్లెక్కి కుట్టు కోసి తీసేసరికి వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. చాలాసేపు మాట రాలేదు. వచ్చిన మొదటి మాట, అమ్మకి చెప్పొద్దని. ఒట్టు కూడా వేయించుకున్నాడు.

“ఎలా చేశావురా అది?” అని అడిగింది అమ్మ.

“అలా వచ్చేసిందమ్మా” అన్నాడు వాడు.

ఇక జనం రెండుగా చీలిపోయారు. భయపడే హీరోని ఇన్నాళ్ళకి చూశామని ఒక జట్టు. డబ్బులు కట్టింది వణికేవాణ్ణి చూడటానికా అని రెండో జట్టు. ఆ సీను రాసినవాడి చేతికి ముద్దు పెట్టాలన్నారు కొందరు. రాసినవాడు పెట్టించుకున్నాడు కూడా. ఫేస్ గారైతే ఒక ఇంటర్వ్యూలో, ఆ వణుకు కోసం నెలల తరబడి ఎలా సాధన చేశారో చేతులు తిప్పుతూ చెప్పారు. ఆయన ఆ రోజు సెట్‌కే రాలేదు. అమ్మ టీవీ రిమోట్ విసిరికొట్టింది. తమ్ముడు దాన్ని తీసి, బ్యాటరీలు ఏరి, మళ్ళీ పెట్టి, ఆ ఇంటర్వ్యూ చివరిదాకా చూశాడు.

ఒకరోజు మెట్ల దగ్గర పైవాటా టీచరమ్మ ఎదురుపడింది. అమ్మ చేతిలో చెత్తబుట్ట, తమ్ముడి చేతిలో పాలప్యాకెట్లు.

“ఆ డేగ సిరీస్ చూశారా వదినగారూ? మా ఇంట్లో పెద్ద యుద్ధమండీ. మా ఆయనేమో ఆ వణుకు అద్భుతం అంటారు. నాకైతే ఎవడో కరెంటు తీగ పట్టుకున్నట్టనిపించింది. పాపం, ఆ వేషం వేసేవాడికి నటన రాదేమో!”

నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గిల్లింది.

“మేం చూళ్ళేదండీ” అంది.

నాకు బుద్ధి తెలిశాక అమ్మ అంత చిన్న మాటకి అంత అవస్థ పడటం చూడలేదు. టీచరమ్మ ఊరుకుందా, తమ్ముడి వైపు తిరిగింది. “మీ అబ్బాయి ఎప్పుడూ ఇంట్లోనే కనిపిస్తాడు. ఏం చేస్తుంటాడండీ?”

“వెతుక్కుంటున్నాడు” అంది అమ్మ.

తమ్ముడు పాలప్యాకెట్లు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళి గది తలుపేసుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మ ‘న్యాయం చెప్పేదాన్ని’ అని పేరు పెట్టుకుని ఫోన్లోకి దిగింది. “తిట్టేవాళ్ళు ఒక్కసారి వణికి చూపించండి, మేమూ చూస్తాం” అని రాసింది. తమ్ముడు అది చూసి కంగారుగా చెరిపేశాడు. కంపెనీ వాళ్ళకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా అన్నాడు. మా అమ్మకి కన్నకొడుకుని వెనకేసుకొచ్చే వీలు కూడా లేకపోయింది.

ఎండలు ముదిరాక ఒకరోజు నేను పని నుంచి త్వరగా వచ్చేశాను. వాడి గది తలుపు ఓరగా ఉంది. అద్దం ముందు నిలబడి వణుకుతున్నాడు. ఆపుతున్నాడు, తల అడ్డంగా ఊపుకుంటున్నాడు, మళ్ళీ మొదలెడుతున్నాడు.

“ఏం చేస్తున్నావురా?”

“ప్రాక్టీసు.”

“చావు దాకా వెళ్ళొచ్చినదానికి ప్రాక్టీసేమిట్రా, బుద్ధుందా?”

“అది నటన అక్కా.”

“ఎవరికి చెప్తున్నావు? నిన్ను కోసి తీసింది నేను!”

“మొదట్లో ఊపిరాడలేదు. నిజమే. తరవాత నేనే చేశాను. నాకు తెలీదా?”

“నీ పెదాలు నీలం తిరిగాయిరా. అవీ నువ్వే చేశావా?”

వాడు మంచం మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. “ఇన్నేళ్ళ నుంచి ఎవడెవడి బదులో మెట్ల మీంచి దొర్లాను. అద్దాల్లోంచి దూకాను. ఒక్కడు ఒక్క మాటన్నాడా? పోనీ తిట్టాడా? ఇప్పుడు సగం మంది మెచ్చుకుంటున్నారు, సగం మంది తిడుతున్నారు. నా గురించేనే అక్కా, ఆ ఫేస్ గురించి కాదు. అది కూడా నాది కాదంటావేమిటే?”

నాకు కోపం వచ్చింది, జాలేసింది, రెండూ కలిసి ఏడుపై కూర్చుంది. “నీ ఇష్టం, చావు” అని వంటింట్లోకి వెళ్ళి ఆ కోపం గిన్నెల మీద చూపించాను.

రెండో సీజన్ ఖాయమైంది. సెట్ వేసిన షెడ్డు పెనంలా కాలుతోంది. మొదటి రోజు రిహార్సల్లో డైరెక్టరు చెప్పింది ఒకటే ముక్క: ఆ వణుకు కావాలి, ఈసారి ప్రతి ఎపిసోడ్‌లోనూ కావాలి.

“సగం మంది తిడుతున్నారు కదా సార్” అన్నాను, ఉండబట్టలేక.

“తిట్టనీయమ్మా. తిట్టేవాడూ చూస్తున్నాడు, మెచ్చుకునేవాడూ చూస్తున్నాడు. మనకేంటి?”

తమ్ముడు వణికాడు. బస్సులో పట్టుకోవడానికి ఏమీ దొరకని మనిషిలా ఊగాడు. డైరెక్టరు మొహం ముడుచుకున్నాడు. మళ్ళీ చేశాడు. ఈసారి పళ్ళు కూడా కటకటలాడించాడు. లైట్లవాళ్ళు పక్కకి తిరిగి నవ్వుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు ఎంత మనసుపెట్టి చేస్తున్నాడో అంత అబద్ధంగా ఉంది. నాలుగు రోజులు అదే తంతు.

ఐదో రోజు ప్రొడక్షన్ మేనేజరు నా కుట్టుమిషను దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడంటేనే నాకు అనుమానమొచ్చింది.

“అక్కా, ఏమీ అనుకోకండి. ఛాతీ దగ్గర కాస్త బిగించి కుట్టగలరా? మాస్కు కన్నాలు కూడా ఒకటి రెండు మూసేస్తే... ఏమీ కాదు. కింద డాక్టరు ఉంటాడు.”

“ఏమీ కానప్పుడు డాక్టరెందుకు?”

మేనేజరు నవ్వాడు. “మీరు కుట్టకపోతే ఇంకొకరు కుడతారు. మీరైతే చూసి కుడతారని.”

ఆ మాటతో నన్ను కూడా కట్టిపడేశాడు. మానేసి ఇంటికి పోతే సూది ఇంకొకరి చేతికి పోతుంది. ఉంటే నా చేత్తోనే బిగించాలి. పరుగున తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. మెట్ల కింద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

“లేవరా, ఇంటికి పోదాం. వీళ్ళేమంటున్నారో తెలుసా?”

“తెలుసు” అన్నాడు. సీసా మూత తిప్పి పెట్టాడు. “నేనే అడిగాను మేనేజర్ని.”

“నువ్వా?” అన్నాను.

“ఊరికే చేస్తుంటే రావట్లేదక్కా. నువ్వూ చూశావుగా. బిగించి కుట్టు. ఒక్కసారి వచ్చిందంటే ఆ తరవాత నాకు పట్టు దొరికిపోతుంది.”

కుట్టాను. ఛాతీ బిగించాను, మాస్కు కన్నాలు రెండు మూశాను, కానీ వీపు మాత్రం నా పద్ధతిలో కుట్టాను. ముడి వేయలేదు. కచ్చా కుట్టు, పొడుగు పొడుగు టాకాలు, మైనం పట్టించిన దారం. పైకి చూస్తే గట్టి కుట్టులాగే ఉంటుంది, కొస పట్టి లాగితే మొత్తం జారి వచ్చేస్తుంది. నడుము దగ్గర కొసని పొడుగ్గా వదిలి, ముందుకి తిప్పి, వాడి గుప్పిట్లో పెట్టాను.

“ఊపిరాడకపోతే లాగు. ఎవర్నీ అడగక్కర్లేదు. నాకోసం కూడా చూడక్కర్లేదు.”

వాడు గుప్పిట మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. మాస్కు లోపల ఏమనుకున్నాడో తెలీదు. తల ఊపాడు.

మేడ అంచంటే చెక్కలతో కట్టిన ఎత్తైన అరుగు, వెనక, తరవాత ఆకాశం అతికించడానికి పచ్చగుడ్డ, పక్కన గాలికి పెద్ద ఫ్యాను. వాడు ఎక్కి నిలబడ్డాడు. భుజాల మీది కేప్ రెపరెపలాడింది. వాడు మాత్రం కదల్లేదు. దారం చేతిలో ఉంది, భయమెందుకు? కాళ్ళు ఎడంగా పెట్టి, తల పైకెత్తి, నిబ్బరంగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళలో నా కళ్ళకి వాడు నిజమైన వీరుడిలా కనిపించింది అప్పుడే. నా కడుపు నిండిపోయింది.

“కట్. బండరాయిలా నిలబడ్డాడేమిటయ్యా?” అన్నాడు డైరెక్టరు.

మళ్ళీ తీశారు. మళ్ళీ అలాగే నిలబడ్డాడు. ఇంకోసారి తీశారు. డైరెక్టరు మైకు పక్కకి పెట్టడం మరిచిపోయి మేనేజరుతో అన్న మాట షెడ్డంతా వినిపించింది. “వీడి పని అయిపోయింది. ఇంకో బాడీని చూడండి. ఊరికే ఇంకొక్క టేకు చేసి వదిలేద్దాం.”

తమ్ముడు తల దించి కింద వెతికాడు. నాకోసమే అనుకుంటాను. మాస్కు కళ్ళు నా మీద ఆగాయి. తర్వాత గుప్పిట తెరిచాడు.

దారం కొస జారి, ఫ్యాను గాలికి వాడి నడుము పక్కన ఎగురుతోంది. మందపాటి దస్తానా తొడిగిన ఆ చేతితో గాల్లో దాన్ని మళ్ళీ దొరకబుచ్చుకోవడం వాడి తరం కాదు. ఆ సంగతి నాకెంత తెలుసో వాడికీ అంతే తెలుసు. ఛాతీ ఎగిరిపడింది. భుజాలు మొదలయ్యాయి. “ఆహా” అన్నాడు డైరెక్టరు, మైకులోనే. “ఆహా. ఎవరూ కదలొద్దు.”

నేను కదిలాను. మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. మాస్కు పైకి లాగాను. అవే పెదవులు, అదే నీలం. దారం కొస నా మోచేతికి తగులుతోంది. ఒక్కసారి లాగితే చాలు, వచ్చేస్తాడు. వచ్చేస్తే గాలి తగిలించి, నీళ్ళిచ్చి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ నన్నే కుట్టమంటారు. వాడే వచ్చి వీపు తిప్పి నిలబడతాడు. ఆ సూట్‌కి జత లేదు, అదొక్కటే. దాన్ని కుట్టడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. కత్తెర మెడ దగ్గర పెట్టి కుట్టు వదిలేసి గుడ్డ మీద నడిపించాను.

“అక్కా! గుడ్డ! గుడ్డ తెగుతోంది!” కింద మేనేజరు అరుస్తున్నాడు.

తమ్ముడు నా భుజం మీద వాలిపోయాడు. రొప్పుతూ, కళ్ళు తెరవకుండానే అడిగాడు. “బాగా... వచ్చిందా అక్కా?”

“చాలా బాగా వచ్చిందిరా” అన్నాను, కత్తెర ఆపకుండా.

కంపెనీ కేసు పెట్టలేదు. పెడితే వాడు ఎందుకు వణికాడో కూడా కోర్టులో చెప్పాల్సొస్తుంది. లోపల జరిగింది బయట మాట్లాడబోమని సంతకాలు తీసుకుని ఇద్దరినీ పంపేశారు. ఆ రోజు నుంచి తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుగా కూర్చుని “అమ్మా, అక్కని ఆ నీళ్ళ చెంబు ఇటు ఇమ్మను” అనేవాడు. అమ్మకి తెలిసిందల్లా నేను కోపం పట్టలేక సూట్ చింపేశానని. “తమ్ముడి నోటికాడి పని చెడగొట్టావు కదే, నీ చేతులు పడిపోను” అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఒట్టు ఒట్టే కదా, పడ్డాను. నాలాంటి నోరున్నదానికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

వానలు పడ్డాక వాడికి మామూలు దొర్లుడు పని దొరికింది. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బడి బట్టలు కుడుతున్నాను. ఇంకో దర్జీ ఇంకో సూట్ కుట్టింది, అందులోకి ఇంకొకడు దిగాడు. రెండో సీజన్ వచ్చిన రోజు, చూడకూడదనుకుంటూనే, ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం.

మేడ అంచు వచ్చింది. కొత్తవాడు నిలబడ్డాడు. కాసేపటికి ఛాతీ ఎగిరిపడటం మొదలైంది.

“నీ దాంట్లో సగం కూడా లేదురా” అంది అమ్మ, అప్పుడే ఫోన్ తీసి. “జనం కూడా అదే అంటున్నారు, వినండి. ‘పోయినసారి వణుకులో ప్రాణముంది, ఈసారిది ఉత్త నటన’ అట. ఇంకొకాయనేమో ఇదే బాగుందంటున్నాడు. వీడికేం తెలుసు, వీడి మొహం...”

తమ్ముడు కుర్చీలో ముందుకి వంగాడు. తెర మీదికి అంత దగ్గరగా వంగి చూడటం నేనెప్పుడూ చూడలేదు. వాడి చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది.

“అక్కా” అన్నాడు. నెలల తర్వాత నేరుగా నాతో. “వాడు నటించట్లేదే. వాడికి ఊపిరాడట్లేదు.”

అమ్మ చదవడం ఆపింది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తీసి, కొడుకు వైపు తిరిగింది.

“నీకెలా తెలుసురా?” అంది.